తెర కొలత ఎవరికి తెలుసు?

ఫోటో స్టూడియోలో ఒక నెగటివు ఉంటే చాలును. గుర్తింపు కార్డుకు అంటించే చిన్న బిళ్ళ కావాలన్నా, గోడకు వ్రేలాడదీసే పెద్ద పటం కావాలన్నా దాని నుంచే అచ్చు తీసేవారు. ఏ సైజు కావలెనో వచ్చినవాడు ముందే చెబుతాడు గనుక అచ్చు తీసేవానికి చిక్కు లేదు. వెబ్ పుటలలోని చిత్రాల సంగతి వేరు. ఒక వార్తాపత్రిక వెబ్ పుటలో ఒక చిత్రం పెట్టితే, దానిని ఒకే రోజున లక్షలమంది తెచ్చుకొనవచ్చు. ఒకరి చేతిలో అరచేతిలో ఇమిడే ఫోను, మరొకరి బల్ల మీద రెండడుగుల తెర, ఇంకొకరి గోడ మీద టెలివిజను. 1993 మొదలు సుమారు ఇరవై ఏండ్లపాటు వీరందరికీ సాధారణంగా అందినది ఒకే అచ్చు. చిత్రాన్ని చిన్నది చేసే విద్య తెలియక కాదు. అది ఆనాటికే చాలా పాత విద్య. పంపేవానికి తెర కొలత తెలియదు. కొలత తెలిసినవానికి ఏ అచ్చులు ఉన్నవో తెలియదు. ఈ ఇద్దరినీ కలిపే పని ఎంత కష్టమైనదో చెప్పేదే ఈ చరిత్ర.

ముందుగా ఒక లెక్క చూతము. కంప్యూటరు తెర మీది చిత్రం సన్నని గళ్ళలో రంగులు నింపి చేసిన ముగ్గు వంటిది. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. మనము బిందువు అందాము. అడ్డంగా 1600, నిలువుగా 1200 బిందువులున్న చిత్రంలో మొత్తం 19,20,000 బిందువులుంటవి. దీనిని అడ్డంగా 320 బిందువులు మాత్రమే ఉన్న ఫోను మీద చూపినప్పుడు 320, 240 పరిమాణానికి కుదించవలె. అనగా 76,800 బిందువులు. వెడల్పు అయిదో వంతుకు తగ్గితే బిందువులు ఇరవై అయిదో వంతుకు తగ్గినవి. చదరపు కొలతలు నేర్చిన విద్యార్థికి ఇందులో ఆశ్చర్యం లేదు. తక్కిన ఇరవై నాలుగు వంతులు దారి పొడుగునా మోసుకొని వచ్చి, గడప దగ్గర పారబోసినట్లే. జేపెగ్ వంటి పద్ధతులలో చిత్రాన్ని మడిచి పంపుతారు గనుక ఫైలు బరువు సరిగ్గా ఈ నిష్పత్తిలోనే తగ్గదు గాని, ఇంచుమించు ఆ దారినే పోతుంది. చూపవలసిన వేళకు మడత విప్పక తప్పదు. అప్పుడు బిందువుకు 4 బైట్ల చొప్పున ఫోను తన జ్ఞాపకంలో 76,80,000 బైట్లు కేటాయించవలె. తగిన అచ్చు వచ్చి ఉంటే 3,07,200 బైట్లతో సరిపోయేది.

ఈ వ్యర్థానికి వెల ఉన్నది. 2010 ప్రాంతాన మన దేశంలో డేటా ప్యాకు వేసుకోని ప్రీపెయిడు ఫోనుకు 10 కిలోబైట్లకు 10 పైసల చొప్పున వసూలు చేసే రేట్లుండేవి. 400 కిలోబైట్ల చిత్రం ఒకటి తెచ్చుకొంటే 4 రూపాయలు. దాని తగిన అచ్చు 20 కిలోబైట్లైతే 20 పైసలు. కంటికి కనబడినది రెండింటిలోనూ ఒకటే. పుట తయారు చేసినవాని జేబులోనుంచి ఆ డబ్బు పోదు. చూచినవాని జేబులోనుంచి పోతుంది. ఈ సమస్య చాలాకాలం పట్టించుకొనేవారు లేక ఉండిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఒక్క చిరునామా

వెబ్ పుట్టినది స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలలో. 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ తన మొదటి ప్రతిపాదన వ్రాశాడు. ఆ తొలి పుటలలో ప్రధానమైనవి అక్షరాలే. చిత్రం ఉంటే అది వేరొక కిటికీలో తెరుచుకొనేది. 1993 ఫిబ్రవరి 25న అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో పనిచేస్తున్న మార్క్ ఆండ్రీసెన్ అనే యువకుడు ఒక ఉత్తరంలో కొత్త గుర్తును ప్రతిపాదించాడు. పుటలో ఆ గుర్తు పెట్టి, దాని పక్కన చిత్రపు చిరునామా వ్రాస్తే బ్రౌజరు ఆ చిత్రాన్ని తెచ్చి అక్షరాల నడుమనే చూపవలె. బ్రౌజరు అంటే పుటలను తెచ్చి మనకు చూపే ప్రోగ్రాము. ఆ గుర్తు పేరు ఇమ్‌గ్. ఇంతకంటే విశాలమైన పద్ధతి కావాలని మరికొందరు అన్నారు గాని, ఆండ్రీసెన్ బృందం తమ మొజాయిక్ బ్రౌజరులో దానినే అమలు పెట్టినది. మొజాయిక్ జనాదరణ పొందినది, ఇమ్‌గ్ స్థిరపడినది.

ఆ గుర్తులో చిరునామాకు ఒక్కటే చోటు. ఒక గుర్తు, ఒక చిరునామా, ఒక ఫైలు. ఆనాటికి అది తప్పు కాదు. తరువాతి పదేండ్లలో తెరలు 640, 800, 1024 బిందువుల వెడల్పుతో ఒకదాని వెనుక ఒకటి వచ్చినవే గాని, వాటి మధ్య తేడా రెండింతలకు మించలేదు. అందరికీ మధ్యస్థమైన ఒక సైజు పెట్టి ఊరుకొనేవారు. టెలిఫోను తీగల మీద నెమ్మదిగా వచ్చే చిత్రాల కోసం నెట్‌స్కేప్ బ్రౌజరు మాత్రం లోసోర్స్ అనే రెండో చిరునామాకు చోటిచ్చినది. మొదట తేలికైన నమూనా వచ్చి, తరువాత అసలు చిత్రం దాని స్థానాన్ని ఆక్రమించేది. చూచేవానికి ఓపిక మిగిలినది గాని బరువు తగ్గలేదు. పైగా నమూనా బరువు అదనం.

సెల్‌ఫోనులు వెబ్ పుటలు చూపడం మొదలుపెట్టగానే మధ్యవర్తులు బయలుదేరారు. నార్వే దేశపు ఒపేరా సంస్థ 2006 జనవరిలో ప్రపంచమంతటా విడుదల చేసిన ఒపేరా మినీ అటువంటిది. ఫోను అడిగిన పుటను మొదట ఆ సంస్థ కంప్యూటర్లే తెచ్చుకొని, చిత్రాలను నలిపి చిన్నవి చేసి, ఆపైన ఫోనుకు పంపేవి. మన దేశంలో చవక ఫోనులున్నవారు దీనిని విరివిగా వాడారు. ఇంకొక దారి 2001లో ఆరంభమైన వర్ఫల్ అనే పట్టిక. ప్రతి బ్రౌజరు పుటను అడిగేటప్పుడు తన పేరు చెప్పుకొంటుంది. ఆ పేరును పట్టికలో వెదికితే అది ఏ ఫోనో, దాని తెర ఎంతో తెలుస్తుంది. దానిని బట్టి పుటలను దాచి పంపే కంప్యూటరు, అనగా సర్వరు, తగిన చిత్రం పంపవచ్చును. ఉపాయం మంచిదే గాని, నిత్యమూ కొత్త ఫోనులు వస్తూ ఉంటే ఆ పట్టికను నిత్యమూ దిద్దుకొంటూ ఉండవలె.

గాలికి వంగే పుట

2007 జూన్‌లో అమ్మకానికి వచ్చిన ఐఫోను తెర 320 అడ్డం, 480 నిలువు. దాని విశేషం తెర కాదు. పెద్ద కంప్యూటర్లకు వ్రాసిన పుటలనే అది తెచ్చి చూపినది. 2010 జూన్‌లో వచ్చిన నాలుగవ ఐఫోనులో అదే పరిమాణపు తెర మీద 640, 960 బిందువులు కూర్చారు, అంగుళానికి 326. అక్షరాలు మరీ చిన్నవై పోకుండా ఉండేందుకు, పుటల లెక్కకు మాత్రం ఆ ఫోను తన వెడల్పు 320 అనే చెప్పుకొన్నది. అప్పటినుండి బిందువులు రెండు రకాలని గుర్తుంచుకోవలె: పుట లెక్కించుకొనే బిందువు ఒకటి, తెర మీద నిజంగా వెలిగే బిందువు ఒకటి. ఆ ఫోనులో ఒక లెక్క బిందువు నాలుగు నిజ బిందువులతో సమానం.

అదే సంవత్సరం మే 25న ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ రూపశిల్పి ఎ లిస్ట్ అపార్ట్ అనే పత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. ఫోనుకొక పుట, కంప్యూటరుకొక పుట వేరువేరుగా చేయనక్కరలేదనీ, ఒకే పుట తెరను బట్టి సాగుతూ కుదించుకొంటూ ఉండేటట్లు వ్రాయవచ్చుననీ దాని సారాంశం. చిత్రం కూడా తన గదిని మించకుండా కుదించుకొంటుంది. ఈ పద్ధతికి స్పందించే రూపకల్పన అనదగిన పేరు ఆయన పెట్టాడు. కొద్ది ఏండ్లలో ప్రపంచమంతా దానిని అనుసరించినది. కాని కుదించుకొన్నది తెర మీది చిత్రమే గాని తీగ మీది ఫైలు కాదు. పెద్ద తెరకు సరిపోవలెనని పెద్ద చిత్రం పెట్టేవారు. చిన్న ఫోను కూడా ఆ పెద్ద ఫైలునే తెచ్చుకొని అణచుకొనేది. అందమైన ఉపాయం పాత వ్యర్థాన్ని హెచ్చించినదన్న మాట.

దీనికి విరుగుడుగా 2011లో రెండు ప్రయత్నాలు జరిగినవి. మాట్ విల్‌కాక్స్ అనే రూపశిల్పి అడాప్టివ్ ఇమేజెస్ అనే ప్రోగ్రాము తయారు చేసి పంచిపెట్టాడు. పుట మొదట్లో చిన్న ఆజ్ఞ ఒకటి తెర వెడల్పును కొలిచి కుకీ అనే చీటీ మీద వ్రాసిపెడుతుంది. ఆ తరువాత బ్రౌజరు ఏ చిత్రం అడిగినా ఆ చీటీ కూడా వెంట వెళ్తుంది. సర్వరు చీటీ చూచి, 1382, 992, 768, 480 అనే మెట్లలో తెరకు తగినదానిని ఎంచి, ఆ వెడల్పుకు చిత్రాన్ని అప్పటికప్పుడు కుదించి పంపుతుంది; కుదించిన అచ్చును రేపు వచ్చేవారి కోసం దాచుకొంటుంది. పాత పుటలలోని చిత్రపు గుర్తులను మార్చనక్కరలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో మార్కాట్, ఫిలమెంట్ గ్రూప్ తదితరులు కలిసి బోస్టన్ గ్లోబ్ దినపత్రిక పుటలను కొత్తగా నిర్మించినప్పుడు కూడా ఇటువంటి ఏర్పాటే పెట్టుకొన్నారు: చిన్న చిత్రమే మామూలు, తెర పెద్దదని తేలితే పెద్దది.

ఈ రెండూ ఒకే రాయికి తగిలి బోల్తాపడినవి. ఆ రాయిని కాస్త నిదానంగా చూడవలె.

బ్రౌజరు పుటను పై నుండి క్రిందికి చదువుతుంది. నడుమ ఒక ఆజ్ఞ తగిలితే ఆగి దానిని నెరవేర్చి గాని ముందుకు పోదు. ఈ ఆగడం వల్ల కాలం పోతున్నదని, 2008 ప్రాంతాన బ్రౌజర్లు తయారుచేసేవారు ఒక ముందు చూపరిని ఏర్పాటు చేశారు. అసలు చదువరి ఆజ్ఞ దగ్గర ఆగి ఉండగానే, ఈ ముందు చూపరి మిగిలిన పుటను పైపైన తిరగవేసి, చిరునామా కనబడిన ప్రతి చిత్రానికీ కబురు పంపేస్తాడు. వంటవాడు సరుకుల చీటీ ఇంకా చదువుతూ ఉండగానే, చురుకైన కుర్రవాడు భుజం మీదుగా తొంగిచూచి అంగడికి పరుగెత్తినట్లు. అందువల్ల పుటలు ఎంతో త్వరగా రాసాగినవి. అయితే, కొలత తీసి చీటీ వ్రాసే ఆజ్ఞ పూర్తికాకముందే ఆ కుర్రవాడు వెళ్ళిపోతే? చీటీ లేకుండానే సరుకు వస్తుంది. బోస్టన్ గ్లోబ్ ఏర్పాటు కొత్త బ్రౌజర్లలో ఇట్లాగే చెడిపోయినది. కొన్నిచోట్ల చిన్నదీ పెద్దదీ రెండూ వచ్చేవి. వ్యర్థాన్ని తగ్గించబోయి పెంచుకొన్నారన్న మాట. ఆ బృందంలోని మాట్ మార్క్విస్ 2012 జనవరిలో ఈ వైఫల్యాన్ని వివరంగా వ్రాసి, ఇది ఉపాయాలతో తీరేది కాదు, వెబ్ భాషనే సవరించవలెనని తేల్చాడు.

ముందు చూపరిని మానుకొమ్మని బ్రౌజర్ల వారిని అడగవచ్చు గదా అని విద్యార్థులకు తోచవచ్చును. వారు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం సబబే. ఒకరి వ్యర్థం తగ్గించడానికి అందరి పుటలనూ ఆలస్యం చేయడం తగదు.

రెండు పక్షాలు

2012 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యు3సి సంస్థ నీడన ఒక స్వచ్ఛంద సంఘం ఏర్పడినది. మార్క్విస్ దానికి అధ్యక్షుడు. సభ్యులలో ఎక్కువమంది పుటలు వ్రాసేవారు. వారు పిక్చర్ అనే కొత్త గుర్తు కోరారు: దాని లోపల ఎన్ని అచ్చులున్నవో, ఏ తెరకు ఏది తగునో వరుసగా వ్రాయవచ్చును. ఇంతలో, వెబ్ భాషను నిజానికి వ్రాస్తున్న రెండవ సంస్థ వాట్‌డబ్ల్యుజిలో, మే 10న ఆపిల్ సంస్థకు చెందిన ఎడ్వర్డ్ ఓ'కానర్ మరో పద్ధతి ప్రతిపాదించాడు. కొత్త గుర్తు అక్కరలేదు. పాత ఇమ్‌గ్‌లోనే సోర్స్‌సెట్ అని మరొక గడి కలిపి, అందులో అచ్చుల జాబితా వ్రాయవలె. అయిదు రోజులలో సంపాదకుడు ఇయాన్ హిక్సన్ దానిని ప్రమాణపు ముసాయిదాలో చేర్చివేశాడు. నెలల తరబడి పిక్చర్ మీద శ్రమించినవారికి ఇది పుండు మీద కారం అయినది. పుటలు వ్రాసేవారి మాటకు విలువ లేదా అని పెద్ద రగడ జరిగినది.

దూరం నుండి చూస్తే ఇది పంతాల తగవు వలె కనబడుతుంది. కాని దాని లోపల అసలైన ప్రశ్న ఒకటున్నది: ఏ అచ్చు తేవాలో నిర్ణయించే హక్కు ఎవరిది? పిక్చర్‌లో పుట వ్రాసినవాడు శాసిస్తాడు. బ్రౌజరు పక్షంవారు వేరు విధంగా తలచారు. తెర సాంద్రత, కనెక్షను వేగం, వినియోగదారు డేటా ఆదా కోరుకొన్నాడా లేదా — ఇవన్నీ బ్రౌజరుకే తెలియును. గనుక జాబితా ఇచ్చి ఎంపిక దానికి వదలండి అన్నారు. రెండు పక్షాలలోనూ న్యాయం ఉన్నది. 2012 నాటి సోర్స్‌సెట్‌లో ఒక లోపమూ ఉన్నది. అందులో ప్రతి అచ్చు పక్కనా తెర వెడల్పు వ్రాయవలె. అనగా పుట వ్రాసేవాడు తాను చూడని తెరల గురించి జోస్యం చెప్పవలె.

ముడి విడదీసిన ఆలోచన 2013 చివర గూగుల్ సంస్థకు చెందిన టాబ్ ఆట్కిన్స్, జాన్ మెల్లర్‌ల ప్రతిపాదనలో వచ్చినది. తెర వెడల్పు మాట మానివేయండి. ప్రతి అచ్చు పక్కనా దాని స్వంత వెడల్పు వ్రాయండి. పుటలో చిత్రం ఎంత చోటు ఆక్రమిస్తుందో విడిగా ఒక ముక్క వ్రాయండి. ఈ రెండూ పుట వ్రాసినవానికి నిస్సందేహంగా తెలిసిన విషయాలు. తెర సంగతి బ్రౌజరుకు తెలిసినది. ఎవరికి తెలిసినది వారు చెప్పితే లెక్క కట్టడం బ్రౌజరు పని. పైగా ఇదంతా గుర్తులోనే వ్రాసి ఉంటుంది గనుక, ఆ చురుకైన కుర్రవాడు పరుగెత్తేలోగానే చదువుకోగలడు. వారి వ్రాతరూపం వికారంగా ఉన్నదని సఫారీ బ్రౌజరుకు మూలమైన వెబ్‌కిట్ తయారీదారులు తోసిపుచ్చారు. కాని ఆలోచన నిలిచినది. ఒపేరా సంస్థకు చెందిన సైమన్ పీటర్స్ చూపిన దారిలో పిక్చర్ తిరిగి లేచి వచ్చినది: చిత్రాన్ని చూపే పని లోపలి ఇమ్‌గ్‌దే, పిక్చర్ దానికి చుట్టూ కట్టిన ఆవరణ మాత్రమే. సోర్స్‌సెట్, దానికి తోడు చోటు చెప్పే సైజెస్, రెండూ ఇమ్‌గ్‌లో చేరినవి. తగవులాడిన రెండు పక్షాల వస్తువులూ చివరకు ఒకే ప్రమాణంలో ఉన్నవి.

ఇక దీనిని బ్రౌజరులో నిర్మించేవారు కావలె. ఆ భారం ఎత్తుకొన్నది యోవ్ వీస్ అనే స్వతంత్ర ప్రోగ్రామరు. క్రోము బ్రౌజరుకు ఆధారమైన బ్లింక్ యంత్రాంగంలో ఈ పని చేయడానికి 2014లో ఆయన ప్రజల నుండి 10,000 డాలర్ల చందా కోరాడు. అడిగినదానికంటే ఎక్కువే వచ్చినది. ఒక బ్రౌజరు లక్షణాన్ని దానిని వాడుకొనేవారే చందాలు వేసుకొని కట్టించుకోవడం అరుదైన సంఘటన. 2014 అక్టోబరులో క్రోము 38, 2015 మేలో ఫైర్‌ఫాక్స్ 38, ఆ నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 13, 2016 మార్చిలో సఫారీ 9.1 పిక్చర్ గుర్తును అందుకొన్నవి.

చిన్న తెరకు చిన్న బొమ్మ?

ఈ ఏర్పాటు ఎట్లా పనిచేస్తుందో లెక్కతో చూతము. ఒక చిత్రానికి 400, 800, 1600 బిందువుల వెడల్పు గల మూడు అచ్చులున్నవి. ఒక ఫోను వెడల్పు 360 లెక్క బిందువులు. దాని తెర ఒక్కొక్క లెక్క బిందువుకు అడ్డంగా 3 నిజ బిందువులు వెలిగిస్తుంది. చిత్రం తెర నిండుగా ఉంటే కావలసినవి 360ని 3 చేత గుణించగా 1080. దానికి తక్కువ గాని అచ్చు 1600ది. అదే ఫోనులో చిత్రం సగం వెడల్పే ఆక్రమిస్తే 540 చాలును. 800 అచ్చు తెస్తుంది. ఇప్పుడు 1920 బిందువుల వెడల్పున్న, సాంద్రత 1 గల పెద్ద తెర తీసుకొందాము. అక్కడ అదే చిత్రం మూడు వరుసలలో ఒక వరుసలో ఉన్నదనుకొంటే 640 చాలును. దానికీ 800 అచ్చే.

తెర నిండా చూపే ఫోనుకు ఈ పెద్ద తెర కంటె రెండింతల వెడల్పున్న అచ్చు అవసరమైనది! చిన్న తెరకు చిన్న బొమ్మ అనే సూత్రం మీద ఆధారపడిన పట్టికలూ చీటీలూ ఎందుకు చాలలేదో దీనినిబట్టి తెలుసుకోవచ్చును. తెర వెడల్పు, తెర సాంద్రత, పుటలో చిత్రపు స్థానం మూడూ కలిస్తే గాని సమాధానం రాదు. అప్పటికీ తుదిమాట బ్రౌజరుదే. కనెక్షను మందంగా ఉన్నదని 1600 బదులు 800 తెచ్చినా ప్రమాణం దానిని తప్పు పట్టదు. ఉపాధ్యాయులు తరగతిలో సాంద్రతను మార్చి మార్చి ఈ లెక్క చేయించవచ్చును.

పిక్చర్ గుర్తు మరి దేనికి మిగిలినది? కుదింపు మాత్రమే చాలని సందర్భాలకు. సభ మొత్తం కనబడే వెడల్పాటి ఫోటోను ఫోను మీద కుదిస్తే వక్త ముఖం ఆవగింజంత అవుతుంది. అక్కడ వక్తను మాత్రం కత్తిరించిన వేరొక చిత్రం చూపవలెనంటే పుట వ్రాసినవాడు శాసించక తప్పదు. అట్లే వెబ్‌పి, ఏవిఫ్ వంటి కొత్త మడత పద్ధతులు తెలిసిన బ్రౌజరుకు అవి, తెలియనిదానికి జేపెగ్ ఇవ్వడానికి కూడా ఆ గుర్తే వాడతారు.

ప్రమాణం వచ్చినంతమాత్రాన మామూలు మనిషి ప్రతి చిత్రానికీ నాలుగు అచ్చులు తీసి, నాలుగు చిరునామాలు వ్రాస్తాడా? వ్రాయడు. ఈ పని జనసామాన్యానికి చేరినది 2015 డిసెంబరులో, వర్డ్‌ప్రెస్ 4.4 విడుదలతో. ప్రపంచంలో ఎన్నో పుటలను నడిపే ఆ ప్రోగ్రాము ఎక్కించిన ప్రతి చిత్రానికీ అనేక సైజులలో అచ్చులు తీసి దాచడం అంతకుముందు నుండే ఉన్నది. ఆ అచ్చులన్నిటి జాబితానూ ఇప్పుడు అదే పుటలో వ్రాయసాగినది. అప్పటికే దాచి ఉన్న పాత చిత్రాలకు కూడా, పుటను చూపే సమయంలో జాబితా చేర్చినది. యజమానులకు తెలియకుండానే లక్షలాది పుటల చిత్రాలు రాత్రికి రాత్రి తేలికపడినవి.

సర్వరే కొలత తెలుసుకోవాలన్న పాత ఆశ పూర్తిగా చావలేదు. బ్రౌజరు తన వెడల్పు, సాంద్రత తానే విన్నవించుకొనే క్లయంట్ హింట్స్ అనే పద్ధతి 2015లో క్రోము 46లో వచ్చినది. దాని సాధారణ నియమాలు 2021 ఫిబ్రవరిలో ఆర్.ఎఫ్.సి. 8942గా వెలువడినవి. ఫైర్‌ఫాక్స్, సఫారీలు ఈ చిత్ర సూచనలను చేపట్టలేదు. ఇట్టి కొలతలన్నీ పోగుచేస్తే, వేలిముద్ర వలె, ఒక మనిషి ఫోనును మిగతా వాటినుండి వేరుచేసి గుర్తుపట్టవచ్చునన్న భయం ఉన్నది. నా మట్టుకు నాకు ఆ భయం సరియైనదే అనిపిస్తుంది. జాబితా పద్ధతిలో తెర కొలతను ముందుగా ఎవరికీ చెప్పుకోనక్కరలేదు.

మిగిలిన లోటు సైజెస్‌లో ఉన్నది. చిత్రం ఎంత చోటు ఆక్రమిస్తుందో పుట వ్రాసినవాడు చెప్పవలె గదా; చాలామంది అది తప్పుగా వ్రాస్తారు, లేదా వ్రాయనే వ్రాయరు. వ్రాయకపోతే తెర నిండుగా ఉన్నట్లు భావించి బ్రౌజరు పెద్ద అచ్చు తెస్తుంది. 2019లో క్రోము 76తో, క్రింద ఎక్కడో ఉన్న చిత్రాన్ని చదువరి దగ్గరకు వచ్చేవరకు తేకుండా ఆపే వీలు వచ్చినది. ఆపి ఉంచిన చిత్రం విషయంలో తొందరలేదు. దాని వంతు వచ్చేసరికి పుట అమరిక అంతా పూర్తై, అది ఆక్రమించే చోటు బ్రౌజరుకే తెలిసిపోతుంది. కాబట్టి అటువంటి చిత్రాలకు సైజెస్ గడిలో ఆటో అని వ్రాస్తే చాలునని 2024లో క్రోము 126 అంగీకరించినది. ఆ ఏడాది నవంబరులో వర్డ్‌ప్రెస్ 6.7 ఆ మాటను తానే వ్రాయడం మొదలుపెట్టినది. పుట తెరవగానే పైన కనబడే మొదటి చిత్రానికి మాత్రం ఈ సౌకర్యం లేదు. దానిని ఆపడానికి వీలులేదు. కుర్రవాడు అప్పటికే అంగడికి బయలుదేరి ఉంటాడు. దాని వెడల్పు ఈనాటికీ పుట వ్రాసినవాడే చెప్పవలె.